ఛిప్ బాబు ఆఖరి వాలుగ

ఆ రోజుల్లో జంషెడ్‌పూర్‌లో తెలుగువాడు తన గురించి తాను చెప్పుకోవాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. పేరు చివర 'రావు' అని వినపడగానే మిగతాదంతా ఎదుటివాళ్లే పూరించుకునేవారు. వీడు మద్రాసీ, పొద్దున్నే ఇడ్లీ తింటాడు, లెక్కలు బాగా వచ్చు, వీళ్ల ఊరు సముద్రం పక్కనే ఉంటుంది. నా విషయంలో ఇందులో ఒక్కటీ నిజం కాదు. మా ఇంట్లో పొద్దున పూట చద్దన్నం, లేకపోతే రాత్రి మిగిలిన రొట్టె. లెక్కల్లో నాకొచ్చిన మార్కులు మా నాన్న ఎవరి ముందూ ఎత్తేవాడు కాదు. ఇక సముద్రం సంగతి. మా తాతది శ్రీకాకుళం జిల్లాలో చోళ్లు పండే మెట్ట ఊరు. నేను పుట్టింది టాటానగర్ రైల్వే క్వార్టర్లలో. సముద్రాన్ని ఆరేళ్లప్పుడు ఒకే ఒక్కసారి, విశాఖపట్నంలో ఎవరిదో పెళ్లికి వెళ్లినప్పుడు చూశాను. అల కాళ్లకు తగలగానే "ఘర్ చలో, ఘర్ చలో" అని ఏడ్చానట. (ఈ ముక్క చెప్పేటప్పుడు మా అమ్మ బాధపడేది. నేను ఏడ్చినందుకు కాదు, హిందీలో ఏడ్చినందుకు.)

డెబ్బైల చివర్లో నేను ఒక కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరాను. నన్ను ఎవరికి అప్పగించారో ఆ ఫోర్‌మన్‌ని అందరూ వెనకాల 'ఛిప్ బాబు' అనేవారు. ఛిప్ అంటే బెంగాలీలో గాలం కర్ర. మనిషి పొట్టి, బట్టతల, కొద్దిగా ఉబ్బసం. లేతు మిషను ముందు నిలబడి వెంట్రుకలో సగం తేడాను కూడా కంటితో పట్టేసే మనిషి, ఆదివారం వచ్చేసరికి సువర్ణరేఖ ఒడ్డున కూర్చుని నీళ్లలో తేలే నెమలి ఈక బెండు కేసి పొద్దస్తమానం కళ్లార్పకుండా చూసేవారు. ముప్ఫై ఏళ్లుగా ఆయన కోరిక ఒక్కటే. ఒక పెద్ద వాలుగ చేప పట్టాలి. బెంగాలీలు దాన్ని బోయాల్ అంటారు. వెడల్పాటి నోరు, పొడుగాటి మీసాలు, కత్తిలా పలచబడే ఒళ్లు. ఆయనకి ఇంతవరకూ మోచేతి పొడుగు మించింది పడలేదు. ఆయన బావమరిది మాత్రం మొదటి ప్రయత్నంలోనే నడుమెత్తు చేపని పట్టి, ఆ తర్వాత గాలం ముట్టుకోకుండా, ఇరవై ఏళ్లుగా ప్రతి పండక్కీ ఆ కథే చెబుతున్నాడు.

చేరిన మొదటి రోజునే ఆయన నా కాగితాలు చూసి, కళ్లజోడు పైకెత్తి, "తెలుగా? అంటే సముద్రం మనిషివి" అన్నారు. (ఆయన మాట్లాడింది బెంగాలీ పొడి చల్లిన హిందీ. చదివేవాళ్ల సౌకర్యం కోసం తెలుగులో రాస్తున్నాను.) నేను "హా సార్" అన్నాను. కాదని చెప్పడానికి చాలా మాటలు కావాలి, అవునంటే ఒక్క మాటతో పోతుంది. పైగా అప్రెంటిస్ గడువు ముగిశాక మమ్మల్ని పనిలో ఉంచుకోవాలా ఇంటికి పంపాలా అన్న రిపోర్టు రాసేది ఆయనే. "చేపలు పట్టడం వచ్చా?" అన్నారు మళ్లీ. దానికీ "హా సార్" అన్నాను. ఆ రెండు 'హా'లు దాదాపు రెండేళ్ల పాటు నా జోలికి రాలేదు. నేను వాటిని మరిచిపోయాను కూడా.

రెండో ఏడు డిసెంబరు మొదట్లో ఒక సోమవారం, ఆయన నన్ను తన టేబులు దగ్గరికి పిలిచారు. జనవరిలో ఆయన రిటైరవుతున్నారు. ఆ వెంటనే బెంగాల్లో తమ సొంత పల్లెకి వెళ్లిపోతారు. అక్కడ ఉన్నవి కుంటలు, కుంటల్లో వాలుగ ఉండదు. "ఇక్కడ కూడా చలి ముదిరితే బోయాల్ నోరు తెరవదు. వచ్చే ఆదివారం ఒక్కటే మిగిలింది. ఇన్నాళ్లూ పిండి ముద్దలు, వానపాములు పెట్టి చూశాను. బోయాల్‌కి బతికున్న చేప కావాలంటారు. అది నా చేతికి లొంగలేదు, గుచ్చగానే చచ్చిపోతుంది. మీ సముద్రం వాళ్లకి అది పుట్టుకతోనే వస్తుంది కదా?" అన్నారు. ఆ చివర ప్రశ్న గుర్తు నిజానికి లేదు, నేను ఇప్పుడు జాలిపడి పెడుతున్నాను. నేను మూడోసారి "హా సార్" అన్నాను.

ఆ సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ నేరుగా పర్సుడీహ్ వెళ్లాను. అక్కడి బజారులో చేపలమ్మే ఒకావిడ మాకు తెలుసు. బంధుత్వం ఏమీ లేదు గానీ మా అమ్మ వదినా అనేది కాబట్టి నాకు అత్త అయింది. అందరూ ఆమెని కళింగపట్నం అత్త అనేవారు. మొగుడు పోయాక తమ్ముడి పంచన బతకడానికి ఈ ఊరొచ్చిన ఆమె, సముద్రం మొహం చూసి పదిహేనేళ్లయిందని చెప్పుకునేది. నేను సంగతంతా చెప్పగానే ఆమె కత్తిపీట పక్కన పెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వింది.

"ఏటిరా అల్లుడూ, నువ్వు సేపలు పడతావని సెప్పినావా? ముల్లు తీసి ఎట్టకపోతే సేప ముక్క తినడం రాదు గదరా నీకు!"

"అత్తా, ప్లీజ్. నౌకరీ కా సవాల్ హై."

"హిందీ మాటాడితే నేర్పను. తెలుగులో అడుగు."

తెలుగులో అడిగాను. ఆమె నీళ్ల కుండలో చెయ్యి పెట్టి ఒక మట్టగిడసని బయటికి తీసింది. జానెడు పొడుగు, మట్టి రంగు, పాముని పోలిన తల. బురదలో కూడా ఊపిరి పీల్చి బతికే మొండి చేప. "ఎరకి ఇదే ఉండాల. మిగతాయి గుచ్చితే సచ్చిపోతాయి. సెప్తన్నాను ఇను. ఈపు మీద, ముల్లు పక్కన, తోలు మట్టుకే గుచ్చాల. లోనికెల్తే ఎముక్కి తగుల్తాది. పైపైన గుచ్చితే సిరుగుతాది. ఇదిగో, ఇలగ. సూత్తన్నావా, కళ్లు మూసుకున్నావా?"

కళ్లు మూసుకునే ఉన్నాను. ఆ తర్వాత నా వంతు వచ్చింది. మొదటి చేప నా చేతిలోంచి జారి మురిక్కాలవలో పడి ఎటో వెళ్లిపోయింది. రెండోదాన్ని పట్టుకునే లోపల గాలం నా బొటనవేలికి దిగింది. మూడోది మాత్రం, ఎలాగో, ఆమె చెప్పినట్టే తోలు మట్టుకే గుచ్చుకుని, కుండలో ఏమీ జరగనట్టు ఈదింది. వారం రోజులు డ్యూటీ దిగగానే పర్సుడీహ్ వెళ్లాను. ఇంటికి వచ్చేసరికి నా ఒంటి వాసనకి మా నాన్న తన కంచం వసారాలోకి మార్చుకున్నాడు. శనివారం నాటికి పది చేపల్లో ఎనిమిదింటిని బతికుండగానే గుచ్చగలిగేవాణ్ణి. అత్త చివరి పాఠం చెప్పింది. "వాలుగ ఎరని అడ్డంగా నోట ఎట్టుకుంటాది. అప్పుడు లాగీసేవంటే పెదవికే తగుల్తాది, ఊడిపోద్ది. అది ఎరని తిప్పుకుని, తల కాడ్నించి మింగుతాది. బెండు మునిగాక ఇరవై లెక్కెట్టు. మెల్లగా లెక్కెట్టు. తెలుగులో లెక్కెట్టు, హిందీలో అయితే రైలు బండిలా పరిగెడతావు."

ఆదివారం తెల్లవారాక ఛిప్ బాబు ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ గుమ్మంలో నిలబడి, ఆయన నెత్తి మీద మెరూన్ రంగు మంకీ క్యాప్‌ని గడ్డం కిందిదాకా లాగి, నా వైపు తిరిగింది. "బాబూ, ఇది నేనే అల్లాను. ఏమైనా సరే తీయనివ్వకు. నిరుడు తీశారు, నెల రోజులు దగ్గారు." నేను అలాగేనన్నాను. ఆయన స్కూటరు వెనక సీటు మీద, ఒళ్లో ఆరు మట్టగిడసల కుండ, భుజాన గాలం కర్ర, దాని ఇత్తడి చక్రం నా చెవికి తగులుతూ ఉండగా, ఖర్కాయీ వచ్చి సువర్ణరేఖలో కలిసే దోముహానికి చేరాం. దారి పొడుగునా కుండలోని చేపలు గుడ్డ కట్టిన మూతిని తలతో పొడుస్తూనే ఉన్నాయి. ఆ గుడ్డ ఊడితే నా ఉద్యోగం కూడా రోడ్డు మీదే ఈదుకుంటూ పోతుందని అనిపించింది.

ఒడ్డున మంచు ఇంకా విడలేదు. నేను కుండలోంచి ఒక చేప తీసి, ఆయన చూస్తుండగా, ఒక్క ఊపున గుచ్చి నీళ్లలో వదిలాను. అది బెండుని లాక్కుంటూ ఈదింది. ఛిప్ బాబు నోరు తెరిచారు. కార్ఖానాలో రెండేళ్లలో నా పని చూసి ఆయన ఒక్కసారి కూడా నోరు తెరవలేదు, విసుక్కోవడానికి తప్ప. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆయన పక్కన కూర్చుని, శిష్యుడిలా, "ఉస్తాద్, గాలి ఎటు ఉంటే మంచిది?" అని అడిగారు. ముప్ఫై ఏళ్లు గాలం పట్టిన మనిషి నన్ను ఉస్తాద్ అంటే, తెలియదని చెప్పడం ఆయన్ని అవమానించడమే అవుతుందని ఇరవై ఏళ్ల బుర్రకి తోచింది. "వీపు మీద ఉత్తర గాలి తగలాలి సార్" అన్నాను. ఆయన జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి రాసుకుని, రాయి మీది నుంచి లేచి, ఉత్తర గాలి సూటిగా తగిలే చోట కూర్చున్నారు. "మాట్లాడొచ్చా?" "కూడదు సార్. బెంగాలీ అసలు కూడదు. బరువైన భాష, నీళ్లలోకి దిగుతుంది." అదీ రాసుకున్నారు. ఫ్లాస్కులో టీ తాగొచ్చా అన్నారు. ఆవిరి వాసన చేపకి తెలిసిపోతుందన్నాను. (ఇదెందుకు అన్నానో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాక్కూడా టీ కావాలి.) చివరికి ఆయన, "నా బట్టల రంగు ఫరవాలేదా?" అన్నారు. అప్పటికే నా నోరు నా అదుపులో లేదు. "ఎరుపు చాయ మాత్రం చేప కంటికి ఆనుతుంది సార్" అనేశాను.

ఆయన నెమ్మదిగా మంకీ క్యాప్ తీసి, మడత పెట్టి, సంచిలో పెట్టుకున్నారు.

తర్వాతి రెండు గంటలూ నా జీవితంలోకెల్లా పొడుగైనవి. మంచులో ఆయన బట్టతల మొదట గులాబీ రంగుకి, తర్వాత వంగపువ్వు రంగుకి తిరిగింది. మొదటి దగ్గు వచ్చింది. చేప వింటుందని చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గారు. రెండోది మింగేశారు. మింగిన దగ్గు ఛాతీలో గురగురమనడం నాకు పక్కనే వినబడుతోంది. గుమ్మంలో నిలబడ్డ ఆవిడ మొహం కళ్ల ముందుకి వచ్చింది. రిపోర్టు పోతే పోయింది, నిజం చెప్పేద్దామనుకుని, "సార్, టోపీ పెట్టుకోండి" అన్నాను.

"చేప చూస్తుంది కదా?"

"చూడదు సార్."

"నువ్వే కదా చెప్పావు?"

నిజం గొంతు దాకా వచ్చింది. కానీ అలవాటు దానికంటే ముందు బయటికి వచ్చేసింది. "ఎండెక్కాక చూడదు సార్. ఎండలో ఎరుపుకీ బూడిదరంగుకీ దానికి తేడా తెలియదు."

ఆయన తలూపి, నోటు పుస్తకంలో ఇదీ చేర్చి, టోపీ పెట్టుకున్నారు. ఆయన టోపీని గడ్డం కిందికి లాగుతున్న ఆ క్షణంలోనే, ఒట్టు, బెండు మునిగింది. వణుకుతూ కాదు, ఎవరో కింద నుంచి చేత్తో పట్టుకుని లాగినట్టు నిండా మునిగింది. ఛిప్ బాబు నా వైపు చూసినట్టు, తర్వాత పెళ్లిలో నా భార్య కూడా చూడలేదు. ఆయన కర్రని నా చేతుల్లోకి తోశారు. "నువ్వు పట్టు. నా చెయ్యి మంచిది కాదు."

"వద్దు సార్, మీరే పట్టాలి!"

"ముప్ఫై ఏళ్లు నేనే పట్టాను. నువ్వు పట్టు!"

ఇంక వాదించడానికి వీల్లేదు, చక్రం తిరుగుతోంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అత్త చెప్పినట్టు తెలుగులో, మెల్లగా. ఒకటి, రెండు, మూడు. నేను చదువుకున్నది హిందీ బడి. తెలుగు అంకెలు మా అమ్మ దగ్గర, ఆమె చోళ్లు కొలిచేటప్పుడు విని నేర్చుకున్నవి. పదకొండు, పన్నెండు, పదమూడు... ఆ తర్వాత ఏమిటి? మా అమ్మ పదమూడు దాటి కొలిచేది కాదు. పధ్నాలుగో, పంతొమ్మిదో, ఏదో 'ప'తోనే మొదలవుతుందని తెలుసు గానీ ఏది ముందో తోచలేదు. ఆ తికమకలో చేతులు వాటంతట అవే కర్రని పైకి లాగేశాయి.

కర్ర విల్లులా వంగింది. నన్ను రెండడుగులు నీళ్లలోకి లాక్కెళ్లింది. చక్రం పిడి నా వేళ్లని చీరుతుంటే, ఎంతసేపో తెలియదు, లాగుతూ వదులుతూ నిలబడ్డాను. మధ్యలో అది ఒకసారి పైకి వచ్చింది. వెడల్పాటి తెల్లటి నోరు, రెండు మీసాలు, వెనకాల ఇంకా వస్తూనే ఉన్న ఒళ్లు. నాకు ఆరేళ్లప్పటి ఏడుపు మళ్లీ వచ్చినంత పనయింది. అది ఒడ్డుకి దగ్గరయ్యేసరికి ఛిప్ బాబు బూట్లతో, పంట్లాంతో, మంకీ క్యాప్‌తో మోకాళ్ల లోతు దిగి, దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకున్నారు. ఒక్క క్షణం, అంతకంటే ఎక్కువ కాదు, అది ఆయన చేతుల్లో ఉంది. అప్పుడు గాలం పెదవి నుంచి ఊడి నా మొహం మీదికి ఎగిరింది. చేప ఆయన చేతుల మీదుగా, తొందరేమీ లేనట్టు జారి, నీళ్లలోకి వెళ్లిపోయింది.

ఒడ్డున కూర్చుని ఇద్దరం టీ తాగాం. ఇక ఆవిరి వాసన వస్తే ఎవరికి నష్టం? అప్పుడు మొత్తం చెప్పేశాను. సముద్రం ఒక్కసారే చూశానని, ఏడ్చానని, గాలం పట్టడం వారం కిందట చేపలమ్మే అత్త దగ్గర నేర్చుకున్నానని, ఉత్తర గాలి, టోపీ, బరువైన భాష, అన్నీ నా పైత్యమేనని. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, నా భుజం మీద తడి చెయ్యి వేసి, "నిజమైన విద్య ఉన్నవాళ్లు ఇలాగే మాట్లాడతారు" అన్నారు. నోటు పుస్తకం జాగ్రత్తగా తుడిచి జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రం పర్సుడీహ్ వెళ్లి అత్తకి చెప్పాను. పదమూడు దగ్గరే లాగేశానని తెలిసి తల కొట్టుకుంది. చాలాసేపు తిట్టింది. తర్వాత, "ఎటేపు ఎల్లిందిరా?" అని అడిగింది. ప్రవాహం కిందికి వెళ్లిందన్నాను. "ఆ ఏరు ఎక్కడికెల్తాది?" "సముద్రానికే అత్తా, ఒరిస్సా దాటి." ఆమె కత్తిపీట ముందుకు లాక్కుంది. "పోనీలేరా. మనం ఎల్లకపోయినా అదైనా ఎల్లింది" అంది.

నా రిపోర్టులో ఛిప్ బాబు 'పని నిదానం, కానీ చేతికి ఓపిక ఉంది, ఉంచుకోవచ్చు' అని రాశారు. నన్ను ఉంచుకున్నారు. ఆయనకి దగ్గు పది రోజుల్లో తగ్గింది. జనవరి ఆఖర్న షెడ్డులోనే వీడ్కోలు సభ పెట్టారు. బంతిపూల దండ, సింగాడాలనే సమోసాలు, రసగుల్లాలు, ముందు వరసలో పెద్ద ఆఫీసర్లు, వాళ్ల పక్కన మంచి స్వెట్టరు వేసుకున్న బావమరిది. ఛిప్ బాబు మాట్లాడటానికి లేచి, ముప్ఫై ఏళ్ల సర్వీసుని రెండు ముక్కల్లో ముగించి, మిగతా సమయమంతా ఆ చేపకే ఇచ్చారు. చేతులు చాచి పొడుగు చూపించారు. బావమరిది పకపకా నవ్వాడు. "తప్పించుకున్న చేపలన్నీ పొడుగ్గానే ఉంటాయి దాదా!" షెడ్డంతా నవ్వింది. ఛిప్ బాబు మాత్రం నవ్వలేదు. జనంలో నన్ను వెతికి, "వాణ్ణి అడగండి. చూసినవాడు వాడే" అన్నారు.

నేను నడిచి ముందుకు వెళ్లాను. ఇక అబద్ధం ఆడకూడదని నది ఒడ్డునే ఒట్టు పెట్టుకున్నాను. ఆడే అవసరం కూడా లేదు, రిపోర్టు ఎప్పుడో వెళ్లిపోయింది. కానీ దండ కింద నుంచి ఆయన నన్ను చూస్తున్నారు. నేను రెండు చేతులూ చాచగలిగినంత చాచాను, ఆయన చూపించిన దానికంటే ఎక్కువే. బావమరిది నవ్వు ఆగిపోయింది. ఛిప్ బాబు నా చేతుల వైపు చూశారు. లేతు మిషను ముందు చూసినట్టు, తల పక్కకి వంచి, ఒక కన్ను కొద్దిగా మూసి. తర్వాత వచ్చి నా కుడిచేతిని పట్టుకుని, నాలుగు వేళ్ల మేర లోపలికి జరిపారు.

"అంత లేదు. నిజం చెప్పాలి కదా" అన్నారు.

నేనూ రిటైరై కొన్నేళ్లయింది. సువర్ణరేఖ వంతెన మీదుగా వెళ్లేటప్పుడు ఇప్పటికీ ఆ ఇరవై ఏళ్ల కుర్రాడు కనిపిస్తాడు. షెడ్డు మధ్యలో, అందరి ముందు, ఆయన జరిపిన చోటునుంచి వెంట్రుక వాసి కదలకుండా, ఖాళీ గాలిని కొలుస్తూ నిలబడి ఉంటాడు. వాడిని చూస్తే సిగ్గేస్తుంది. కాస్త ముద్దు కూడా వస్తుంది.